పాత డ్రైవరు

హవల్లీలో మా కొట్టు నేలమాళిగలో.
పైన షవర్మా, కింద మదర్‌బోర్డులు.
మధ్యాహ్నం రెండింటికి ఎండలోంచి దిగొచ్చాడు దస్తగిరన్న,
జ్వరమొచ్చిన బిడ్డను ఆస్పత్రికి తెచ్చినట్టు
కంప్యూటరును రొమ్ముకు ఆనించుకొని.

"మామా కొడుకుది. ఆట పెడితే సచ్చిపోతాండాదంట.
నేనే యాడో తగిలించినానని ఇంట్లో అనుమానం."

ఆట తెరిచాను. కార్ల పందెం.
పదకొండో సెకనుకు తెర నల్లబడింది.
ఫ్యాన్లు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి,
మాట పడిపోయిన మనిషికి ఊపిరాడుతున్నట్టు.

మొదటి అనుమానం ఎప్పుడూ దుమ్ము మీదే ఈ దేశంలో.
మూత విప్పి, ముక్కుకు గుడ్డ కట్టి బ్లోయర్ కొట్టాను.
గ్రాఫిక్స్ కార్డు పెరికి, దాని బంగారు పళ్లు రబ్బరుతో తోమి,
టక్కుమనేదాకా మళ్లీ గుచ్చాను.
పవర్ సప్లై మార్చాను. ర్యాము ముక్కలు అటుదిటు వేశాను.
పదకొండే.

అప్పుడు తెరిచాను తప్పుల చిట్టా.
చచ్చిన ప్రతిసారీ ఒకటే వాక్యం:
డిస్‌ప్లే డ్రైవరు జవాబివ్వడం మానేసింది.

చదివి వినిపిస్తే దస్తగిరన్న స్టూలు మీంచి లేచాడు.
"డ్రైవరా? నేనేం జేసినా అబ్బా!"

నువ్వు కాదులే అన్నా, లోపల ఇంకొకడుంటాడు,
పైనోళ్లు చెప్పింది కార్డుకు అర్థమయ్యేట్టు చెప్పేవాడు.
పిల్లోడు పాతవాణ్ణి పూర్తిగా సాగనంపకుండానే
కొత్తవాణ్ణి దింపినాడు.
ఒక స్టీరింగుకు నాలుగు చేతులు.

కాసేపు ఏసీ చప్పుడే.
"మా ఇంట్లో గూడా," అన్నాడు,
"పోయిన నెల ఒకడొచ్చినాడు. నాకు ఒక మాట చెప్పలే.
తాళాలు వానికొక జత, నాకొక జత.
ఆదివారం ఇద్దరం ఒకే బడి ముందర నిలబడింటిమి,
ఒకే పాప కోసం."

ఏమనాలో తెలీక సేఫ్ మోడ్‌లోకి పోయాను.

అక్కడ అక్షరాలు వాచిపోయి ఉంటాయి.
పాటలుండవు, సోకులుండవు,
నాలుగు మూలలా దాని పేరే రాసుకొని కూచుంటుంది.
కువైట్‌లో మొదటి ఏడాది నా గది అట్లే ఉండేది:
పరుపు, రైస్ కుక్కరు, తలుపు వెనక మేకు.
ఏదీ చెడిపోవడానికి లేనంత తక్కువ.

ఇద్దరినీ తీసేశాను.
తీసేస్తే పోరు వీళ్లు, పోయినట్టు కనబడతారంతే.
ఏదో ఫోల్డరులో చొక్కా, రిజిస్ట్రీ మూలన చెప్పులు వదిలిపెడతారు.
ఒక్కొక్కటీ ఏరాల.
ఇంటర్నెట్ తీగ ముందే పీకేశాను.
ఖాళీ సీటు చూస్తే విండోసు ఏజెంటయిపోతుంది,
ఎవణ్ణో ఒకణ్ణి తెచ్చి కూచోబెడుతుంది.

సరికొత్త డ్రైవరును ఒంటరిగా ఎక్కించాను.
నలభయ్యో సెకనుకు చీకటి.
మెరుగే, కానీ చీకటే.

చివరికి పోయినేడాది వెర్షన్ వెతికి వేశాను.
నిమిషం. పది నిమిషాలు.
"నువ్వే ఆడి చూడన్నా," అని మీటలు ఆయన చేతికిచ్చాను.

సముద్రం పక్కన రోడ్డు. వెనక అందరూ దూసుకొస్తున్నారు.
దస్తగిరన్న ఎర్ర లైటు కాడ ఆపాడు.
"ఇది పందెం అన్నా!"
"తెలుసు. చెయ్యి ఇనలే.
ఫైన్ పడితే జీతంలో కోస్తారు."
పచ్చ పడేదాకా ఆగాం ఇద్దరమూ.
తెర నల్లబడలేదు.

అప్‌డేట్లు వాటంతటవి రాకుండా ఆపి పెట్టాను.
నా చేతిలో ఉన్నది అంతవరకే.

ఐదు దీనార్ల బిల్లు. చేసిన పని అరబ్బీలో రాయాల.
డ్రైవరుకు ఆ భాషలో నాకొచ్చింది ఒక్క మాటే, సాయెక్.
అదే రాశాను వంకర గీతల్తో:
పాత సాయెక్ మంచివాడు. మార్చొద్దు.

బిల్లును మిషను మీద అంటించి ఇవ్వడం మా అలవాటు.
ఆయన గోటితో మెల్లగా ఒలిచి,
నాలుగు మడతలు పెట్టి,
అకామా కార్డు వెనకాల దాచుకున్నాడు.