పెడచెయ్యి

నెల్లిమర్ల మిల్లులో ముప్పై ఒక్కేళ్లు
మా మావ పని చెయ్యి ఆనించి చూడడమే.
గోడౌన్లో వరసగా జనపనార బేళ్లు,
ఒక్కోదానికీ పెడచెయ్యి, కాసేపు ఆగి,
తర్వాతదానికి.
"అరచెయ్యి మొద్దుబారిపోద్దే, అబద్ధం సెప్తాది."

బ్యాటరీ వచ్చిన రోజు
బిగించే కుర్రోడు మెట్ల కింద గదే మేలన్నాడు.
నాకూ నచ్చింది. పిండి గ్రైండర్లకి దగ్గర,
తలుపేస్తే కనపడదు.
పాత గోనెలు, ఖాళీ గ్యాస్ బండ, పెళ్లినాటి పరుపు
ఓ మూలకి జరిపాను.

మావ గుమ్మంలో నిలబడి
గదిని కాదు, మెట్లని చూశాడు.
"మేడ మీద పిల్లలు పడుకుంతారు గదా.
దిగడానికి ఇంకో దారేదే?"

గ్రైండర్ ఆపాను.

మర్నాడు పెరట్లో సైకిళ్ల కొట్టు ఖాళీ అయింది.
తాపీమేస్త్రి గవరయ్య ఉలి తెచ్చాడు.
నేలకి జానెడు ఎత్తున ఒక కన్నం,
ఎదురుగోడకి, కప్పుకి జానెడు కింద, ఇంకోటి.
పైది మన కిటికీల వైపు కాదు, కొబ్బరిచెట్ల వైపు.
ఎలకలు దూరకుండా ఇనప జల్లెడ.
"గోడ కట్టినోడి సేతే కన్నమెట్టిస్తన్నావు,
దొంగలకి పని తగ్గింది," నవ్వాడు గవరయ్య.

బ్యాటరీ చుట్టూ మూరెడు దూరంలో సున్నం గీత,
గీత దాటి చీపురు కూడా పెట్టనివ్వడు మావ.
ఆపే స్విచ్చి గది బయట.
కప్పుకి పొగ పసిగట్టే గుండ్రటి డబ్బా.
దాని కూత మేడ మీదికి వినపడుతుందా అని
నన్ను పైకి పంపి మూడుసార్లు నొక్కాడు.
మూడోసారికి పక్కింటి కుక్క లేచింది.

అంటుకుంటే ఆర్పేస్తే పోదా మావా, అన్నాను.

ఆరిపోయిందని అందరూ ఇళ్లకెళ్లిన బేలు
నాలుగోరోజు తెల్లారగట్ల మళ్లీ అంటుకుందట.
పైన మంట లేదు. లోపల, నారకీ నారకీ నడుమ
కూచుని ఉంది.
"ఇదీ ఆ రకమే. ఆర్పడం ఫైరింజినోళ్ల పని.
పొట్ట ఉబ్బినా, తేడా వాసనొచ్చినా
తలుపు మూసి, పిల్లల్నట్టుకుని ఈదిలోకెల్లిపో.
గ్రైండర్లు పోతే పోనీ."

రోజూ పది గంటలకి వెళ్లి గోడకి చెయ్యి ఆనిస్తాడు.

రోహిణిలో ఓ రాత్రి మావకి జ్వరం.
నేను వెళ్లాను.
మినప్పిండి వాసన పోని చెయ్యి తిరగేసి పెట్టాను.
గోడ వెచ్చగా ఉంది.
పగటి ఎండదా, లోపలిదా?
ఎంతసేపు ఉంచితే తెలుస్తుందో అడగలేదెప్పుడూ.
అలాగే నిలబడ్డాను.
కింది కన్నంలోకి పోతూ పోతూ
చల్లగాలి నా చీలమండలని రాసుకుంది.