నాలుగు గ్రాములు

రాస్ అల్ ఖైమాలో మా ఆసుపత్రికి
కిటికీ లేని గది ఒకటుంది, బేస్‌మెంట్లో.
రోగాలు అక్కడికి అంకెలు కావడానికి వస్తాయి.
ఏడేళ్ళయింది నేనా కుర్చీలో కూర్చుని.
ఒక్క రోగినీ ముట్టుకోలేదు.

ఆ ఉదయం తెరిచిన ఫైలు
బేబీ ఆఫ్ సువార్త.
ఇరవై ఐదు వారాలకే వచ్చేసిన మగపిల్లాడు.
పేరింకా పెట్టలేదు, బరువులు మాత్రం రెండున్నాయి.
కాన్పుగది కాగితంలో ఏడొందల నలభై ఎనిమిది.
పై అంతస్తు ఐసీయూ కాగితంలో ఏడొందల యాభై రెండు.
మధ్యలో ఒక లిఫ్టు, రెండు తలుపులు, పదకొండు నిమిషాలు.

ఏడొందల యాభై దగ్గర ఒక గీత ఉంటుంది మా పుస్తకంలో.
ఇవతల పి సున్నా ఏడు పాయింట్ సున్నా రెండు,
అవతల సున్నా మూడు.
ఇటొక రేటు, అటొక రేటు.
ఇన్సూరెన్సు వాడు ఆ గీత మీదే కుర్చీ వేసుకుని ఉంటాడు
వంతెన దగ్గర టోలు వసూలు చేసేవాడిలా.

నాలుగు గ్రాములంటే ఎంత?
గోల్డ్ సూక్‌లో, అద్దాల పెట్టెలోని త్రాసు మీద
సేటు ఊపిరి బిగబట్టి తూచే ఉంగరం.
మా అమ్మ జూకాల్లో ఒకటి.
చపాతీ పిండి కలిపాక వేళ్ళకి అంటి మిగిలేది.
ఇంకో లెక్కలో
ఆ పూట గొట్టంలోంచి వాడికి పట్టిన పాలకి రెండింతలు.

నేను ఊహించకూడదు.
ఉద్యోగంలో చేరినరోజే చెప్పారు,
డాక్టరు రాయనిది జరగనట్టే అని.
ఊపిరితిత్తులు తడికాగితంలా అతుక్కుపోయాయని రాశారు, దానికి కోడుంది.
ఊపిరి తీస్తూ తీస్తూ మధ్యలో మరిచిపోవడం, దానికీ ఉంది.
రక్తం పలచబడడం, పచ్చకామెర్లు, అన్నిటికీ ఉన్నాయి.
నర్సు నోట్సులో మాత్రం రోజూ ఒకటే ముక్క:
తల్లి వచ్చింది. పాలు, నాలుగు ఎం.ఎల్.
దానికి కోడు లేదు. వెతికాను.

డాక్టర్ ఇల్హామ్‌కి ప్రశ్న పంపాను,
ఏ బరువు నమ్మమంటారు?
రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు.
మూడోనాటి తెల్లారుజామున, డ్యూటీ మధ్యలో రాసినట్టుంది:
"నలభై ఎనిమిది. మిగతా నాలుగూ బొడ్డుకి పెట్టిన క్లిప్పు."

క్లిప్పు.
తల్లి నుంచి కోసిన చోట
పళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకున్న ప్లాస్టిక్ ముక్క.
సున్నా రెండు అని కొట్టాను.

తర్వాత నెలనెలా బిల్లుకి ఫైలు నా దగ్గరికే వచ్చింది.
తొమ్మిది వందలు. ఒకసారి తగ్గి, ఎనిమిది వందల డెబ్భై.
పన్నెండు వందలు. పదహారు.
వాడు పెరుగుతున్నాడు, నా కోడు కదలదు.
పుట్టినప్పటి బరువు పుట్టినప్పటిదే.
ఎప్పుడో వాడు ఎనభై కిలోల మనిషై
ఏ ఊళ్ళోనో దగ్గుకుంటూ ఆసుపత్రికి పోతే
ఇంకో బేస్‌మెంట్లో ఇంకెవరో
ఈ అంకెనే తవ్వి తీయొచ్చు.

తొంభై ఆరో రోజు టీకి పైకి వెళ్ళి దిగుతున్నాను.
లిఫ్టులో టైల్స్ ఫ్యాక్టరీ నీలం యూనిఫారం మనిషి,
పక్కన ఆవిడ, పసుపు టవల్లో మూట.
మూట బయటికొచ్చిన కాలికి పట్టీ,
దాని మీద నాకు నోటికొచ్చిన పేరు.
నా మెడలో కార్డు మీద ఇంటిపేరు చదివి
ఆవిడ మొహం విప్పారింది.
"ఏవండీ, మీరిక్కడే పంజేత్తారా?
మా వోణ్ణి ఎప్పుడన్నా సూసారా?"

ఏ తేదీన ఎన్నిసార్లు వాడి ఊపిరి ఆగిందో నాకు తెలుసు.
ఎన్ని చుక్కల రక్తం ఎక్కించారో తెలుసు.
క్లిప్పు బరువు తెలుసు.
"లేదమ్మా," అన్నాను. "ఇదే మొదలు."

సంచీ జారుతోందని, పట్టుకోండంటూ
వాణ్ణి నా చేతుల్లో పెట్టేసింది.
రెండువేల నూటపది, డిశ్చార్జి కాగితం ప్రకారం.
టవల్ వేడిగా ఉంది.
వాడు ఆవులించాడు, నా మీద ఏ అభిప్రాయమూ లేకుండా.
గ్రౌండ్ ఫ్లోర్లో తలుపు తెరుచుకుంది, వాళ్ళు దిగారు.
నేను దిగాల్సింది ఇంకొకటి కింద.