ఊళ్ళో ఏ వైపు?

డోరీన్ ముసలమ్మకి తొంభై ఒకటి.
తుంటి విరిగి మా వార్డుకొచ్చి పదకొండు రోజులు.
రక్తపోటు చూద్దామని చేతికి పట్టీ చుడుతుంటే
అడుగుతుంది, దాదాపు ప్రేమగానే:
"ఎక్కడినుంచి తల్లీ నువ్వు?"
హోల్డర్‌నెస్ రోడ్డు నుంచండీ, బస్సెక్కితే పావుగంట.
"అది కాదు, అసలు?"
ఇండియా.
"ఆఁ" అని కళ్ళు మూసుకుంటుంది
ఎక్కడో పెట్టి మరచిన వస్తువు దొరికినట్టు.
నేను గది దాటకముందే పక్క మంచానికి చెబుతుంది:
ఒళ్ళు తుడవడానికి మన పిల్ల వస్తే బాగుండు.
మన పిల్ల అంటే బెథనీ.
నిరుడే చదువు ముగించింది,
నరం దొరక్కపోతే నన్నే పిలుస్తుంది.

నాకు కోపం రావాలి.
వచ్చింది కూడా, కానీ
కొత్త చెప్పు కరిచినట్టు రాలేదు.
పాత చెప్పు, కరిచిన చోటే కరిచింది.
మా తాత చెప్పులు కుట్టినవాడు గనక
ఆ తేడా నాకు తెలుసు.

బ్యాడ్జీ మీద నా పేరు సూ.
సువార్త అనడానికి ఇక్కడివాళ్ళకి నోరు తిరగదు.
మనవాళ్ళకి తిరుగుతుంది.
తిరిగి, ఒక్క క్షణం ఆగుతుంది.
ఆ ఆగడాన్ని నేను కొలవగలను,
నాడి చూసినట్టు, రెండు వేళ్ళతో, గడియారం వంక చూస్తూ.

వైదేహి వాళ్ళబ్బాయి పుట్టినరోజుకి
హల్‌లో ఉన్న తెలుగు నర్సులందరినీ పిలిచింది.
"మీదే ఊరు?"
చీరాల దగ్గర.
"దగ్గరంటే?"
చెప్పాను.
"అయ్యో, మా పెద్దమ్మ గారిదీ అదే ఊరు! ఊళ్ళో ఏ వైపు?"
రోడ్డు దాటితే, చర్చి వైపు.
"ఆఁ."
అదే ఆఁ. డోరీన్ ఆఁ.
కళ్ళు మూసుకోలేదంతే.
పులిహోర ఇంకొంచెం వేసింది, నిజం చెప్పాలంటే ఎక్కువే వేసింది.
గరిటె మాత్రం జానెడు ఎత్తునుంచి.

పోయిన మంగళవారం రాత్రి ఫోను చేసి ఏడుపు.
బస్టాపులో ఇద్దరు కుర్రాళ్ళు ముక్కులు మూసుకుని
కూర కంపు అన్నారట, మీ దేశం పొమ్మన్నారట.
"నా జన్మలో నన్నెవరూ ఇలా అనలేదు సువార్తా.
నేనెవరో, ఏ ఇంటినుంచి వచ్చానో
ఆ వెధవలకేం తెలుసు?"

ఏ ఇంటినుంచి.
ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి
పాప యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాను.
మాట నాలుక చివరిదాకా వచ్చింది:
నీకిది మొదటిసారి, అంతే.
మొదటిసారి ముప్పై ఎనిమిదో ఏట రావడం కూడా
ఒక ఆస్తి వైదేహీ,
తాతలు రాసిచ్చిన మాగాణి లాంటిది.
మాకు బళ్ళో పలక పట్టకముందే వచ్చేసింది.

అనలేదు.
ఏడ్చేవాళ్ళని పట్టుకునే ఉద్యోగం నాది.
వాళ్ళది తప్పన్నాను. తప్పే.
పోలీసులకి చెబుదాం, తోడొస్తానన్నాను.

వెళ్ళాం. కౌంటరు దగ్గర అడిగారు,
ఈవిడ మీకేమవుతుందని.
వైదేహి నా వైపు చూసింది.
ఇంగ్లీషులో అంది గానీ
నాకు తెలుగులోనే వినబడింది:
మావాళ్ళే.
పెద్దమ్మ గారి ఊరినుంచి ఇంత దూరం రావలసి వచ్చింది
ఆ ఒక్క మాటకి,
ఇద్దరం బల్లకి ఒకే వైపు నిలబడడానికి.

బయట హంబర్ మీదినుంచి గాలి కోసేస్తోంది.
మూల దుకాణంలో చిప్స్ పొట్లం ఒకటే కొన్నాం,
ఇక్కడివాళ్ళు చల్లుకునే ఆ ఎర్రపొడితో,
కారంలా కనబడి కారం కానిది.
కాగితం విప్పి ఆమె ముందు పట్టాను.
రెండు తీసుకుంది. తింది.
వేళ్ళు కొంకర్లు పోతున్నాయంటూ
చేతులకి తొడుగులు వేసుకుంది.

చలి నిజమే.
చాలా చలిగా ఉంది ఆ రాత్రి.
మిగతావన్నీ నేనే తిన్నాను,
ఒక్కొక్కటిగా, బస్సు వచ్చేదాకా.