శవానికి తుమ్మొచ్చింది

బ్రాడీపేట నాలుగో లైన్లో
టైర్ల షాపు పైన మా రిహార్సలు.
కింద ట్యూబులోంచి గాలి తీసినప్పుడల్లా
పైన డిటెక్టివు ఆగి, చెవి రిక్కించి
"ఎవరో నిట్టూర్చారు" అంటాడు.
అది పుస్తకంలో లేదు.
పుస్తకంలో లేనివే ఎక్కువైపోయాయి మా నాటకంలో.

డిటెక్టివు వీరరాఘవులు గారు.
ముప్ఫయ్యేళ్లు ఆర్టీసీ కండక్టరు.
అనుమానితుడి భుజం తట్టే తీరులో
"టికెట్, టికెట్" ఇంకా పోలేదు.
పొడుగు నల్లకోటు ఎవరో వకీలుది, అరువు.
భూతద్దం మాత్రం సొంతం,
పేపరు చదవడానికి కొనుక్కున్నది.

జమీందారు శవం మస్తాన్‌వలీ.
మిర్చి యార్డులో కాటా గుమాస్తా.
పగలంతా టిక్కీల మధ్య తిరిగి
కనుబొమల్లో, చొక్కా మడతల్లో
ఎర్రటి ఘాటు మోసుకుని తిన్నగా వచ్చి
తివాచీ మీద చచ్చి పడుకుంటాడు.
చుట్టూ చేరి ఏడవాల్సిన వాళ్లకి
గ్లిజరిన్ ఖర్చు లేదు.

నేను ప్రాంప్టర్ని. పేరు సామ్రాజ్యం.
ఏలేది తెర పక్కన ఒక స్టూలు.

నవల మా ఇంట్లోదే.
నాన్నకి కొత్తపేటలో అద్దె పుస్తకాల బంకు ఉండేది,
రోజుకి పావలా.
నల్ల అట్ట, దానిమీద కత్తి పట్టిన చెయ్యి,
చివరి పేజీ లేదు.
పన్నెండో పేజీ అంచున నీలం సిరాలో
"హంతకుడు డాక్టరు" అని రాశాడొకడు.
దాన్ని కొట్టేసి "కాదు, వంటవాడు" అన్నాడు ఇంకొకడు.
కింద పెన్సిలుతో, వణికే చేత్తో
"నా పావలా నాకిచ్చెయ్యండి."

"మంచిదే" అంది డైరెక్టరు హైమావతి టీచరు.
"ఏడుగురి పేర్లూ చీటీలు రాసి చెంబులో వేద్దాం.
ఏ రోజు హంతకుడు ఆ రోజుకే."
అందుకే మావాళ్లు ఏడుగురూ
మొదటి అంకం నించీ నిజంగానే భయపడతారు.

ఆదివారం ఆట.
వేదిక మీద గుడ్డిదీపం,
హాలంతా ఊపిరి బిగపట్టింది.
అప్పుడు శవం తుమ్మింది.

ఎవరూ కదల్లేదు.
మూడో వరసలో ఒక పెద్దావిడ అలవాటు కొద్దీ
"నూరేళ్లు నాయనా!" అంది.

రాఘవులు గారు మెల్లగా వంగి
భూతద్దం శవం ముక్కు దగ్గర పెట్టి
"ప్రాణం పోయింది గానీ ఘాటు పోలేదు.
మనిషిది గుంటూరే!" అన్నారు.
కుర్చీలు కూడా నవ్వాయనుకుంటాను,
రెండు విరిగాయి, తర్వాత లెక్క చూస్తే.

చివరికి చెంబులో చెయ్యి పెట్టి చీటీ తీశారు.
చెంబు అడుగున తడి.
అక్షరాలు అలుక్కుపోయాయి.
తిప్పి చూశారు. కోటు సర్దుకున్నారు.
నావైపు చూశారు.

ఇన్నాళ్లూ అందరికీ అన్ని మాటలూ అందించాను,
ఆ ఒక్క పేరూ అందించలేదు.
ఆ పేజీ నేను చదివాను.
పదకొండేళ్లప్పుడు, బంకులో, మధ్యాహ్నం పూట.
హంతకురాలు పనిమనిషి రత్తమ్మ.
రుజువు: ఆమె చేతుల మీద బూడిద.

మా అమ్మ పేరూ రత్తమ్మే.
అప్పుడు నాలుగిళ్లలో అంట్లు తోముతోంది.
బూడిద లేకుండా ఆ చేతుల్ని నేనెప్పుడూ చూడలేదు.
చింపాను. నాలుగు ముక్కలు.
కాలవలో వేశాను, మునగడానికి చాలాసేపు పట్టింది.

"చెప్పమ్మా" అన్నాయి రాఘవులు గారి కనుబొమలు.
నోట్లోంచి అదే వచ్చేసింది, గుసగుసగా.
ఆయన అందించింది అందుకునే మనిషి కదా,
చెయ్యెత్తి గట్టిగా అరిచారు:
"హంతకురాలు... అద్దె పుస్తకాల వాడి కూతురు!"

అలాంటి పాత్ర నాటకంలో లేదు.
ఏడుగురు అనుమానితులూ ఒక్కసారిగా
తెర పక్కకి తిరిగి నన్ను చూశారు.
జనం విరగబడి నవ్వుతున్నారు.
స్క్రిప్టు మొహానికి అడ్డం పెట్టుకున్నాను,
తలకిందులుగా ఉంది.

ఒంటి తుమ్ము మంచిది కాదంటుంది మా అమ్మ,
రెండోది వస్తే దోషం లేదట.
తివాచీ మీంచి మస్తాన్‌వలీ లేచి కూచుని
ఎంత ఆపుకున్నా ఆగక
మళ్లీ తుమ్మాడు.