ఒకటో, ఏడో

కాలువ కట్టేసిన పదకొండో రోజు
సీతానగరం లాకుల కింద
బురదలోంచి ముక్కు బయటపెట్టింది.
పొక్లెయిన్ డ్రైవరు మొసలి అనుకున్నాడట.

హోటలు మేనేజరు ఫోను చేశాడు.
"ఏ కంపెనీ, ఏ మోడలు, ఏ సంవత్సరం?
మూడు ముక్కలు రాసివ్వండి చాలు,
గేటు దగ్గర బోర్డు పెట్టుకుంటాం."

నేను ఆటోనగర్ మనిషిని.
లారీ దగ్గితే చాలు, పుట్టిన ఏడు చెబుతాను.
ఛాసిస్ నంబరును తుప్పు తినేసినా
వేలి కొసతో తడిమి చదువుతాను.
ఇక్కడ ప్లేటు లేదు, నంబరు లేదు.
రెండు బకెట్ల నీళ్లు పోసి
కొబ్బరిపీచుతో గంటసేపు రుద్దితే
కాల్చిన ఇనుముతో వేసిన ఒక అంకె తేలింది.
ఒకటో, ఏడో.
దాని పక్కన ఉండాల్సినవి పురుగు తినేసింది.

మేకులు చూశాను.
అడుగున నలుపలకలవి, కమ్మరి కొట్టినవి,
ఏ రెండు తలలూ ఒక్కలా లేవు.
పక్కల్లో గుండ్రటివి, కొట్లో కొన్నవి.
వెనకాల ఇంజిను కూర్చున్న దిమ్మ,
నాలుగు బోల్టు బెజ్జాలు.
హమ్మయ్య, ఇది నా భాష. కొలిచాను.
చేలో నీళ్లు తోడే ఐదు హార్స్‌పవర్‌ది.
దాని వయసు చెప్పగలను,
పడవది కాదు.

తాడేపల్లి వెళ్లి లంకే పోలేరయ్యను
బండి మీద ఎక్కించుకొచ్చాను.
ఎనభై దాటాడు, ఎంత దాటాడో ఆయనకే లెక్కలేదు.
ముందు చూడలేదు.
వేలి కణుపుతో తట్టాడు, పుచ్చకాయ కొనేవాడిలా,
ఇక్కడ, ఇక్కడ, మళ్లీ అక్కడ.
"అడుగు టేకు. పక్కలు మద్ది, తర్వాత వేసినయ్యి.
ఆ రేకు మొన్నటిది.
ఎవరి వయసు కావాల నీకు?"

ముందు గుంజ మీద తాడు ఒరిసిన గాడి.
బొటనవేలు పెట్టాడు, గోరంతా మునిగింది.
ఇంత లోతు పడాలంటే ఎన్నేళ్లన్నాను.
"గట్టు మీద లాగేవోళ్లని బట్టి" అన్నాడు.
ఎడం చెయ్యి దానంతటదే భుజం మీదికెళ్లి
చొక్కా సర్దుకుంది.

మరి కంపెనీ?
"వానల్లోపు కావాలన్నోడు ఒకడు,
పంట మీద డబ్బులిస్తానన్నోడు ఇంకొకడు,
మధ్యలో నోరు లేని వడ్రంగి.
అదేనయ్యా కంపెనీ."

తర్వాత కత్తి అడిగాడు.
రెండు బల్లల సందున
గుగ్గిలం పెచ్చు లేపాడు, పుండు మీది పొక్కు లేపినట్టు.
దాని వెనక వెలుతురు చూడని
పిసరంత పొడి.
నేను మట్టే అనుకున్నాను.
ఆయన వక్కల సంచి విప్పి
సున్నం డబ్బీలో చిటికెన వేలు ముంచి
దాని మీద చుక్క పెట్టాడు.
ఇద్దరం వంగి చూస్తున్నాం.
పొక్లెయిన్ కూడా ఆగింది, బీడీ కోసమే అనుకుంటా.
ఎర్రబడింది.
పారాణి పెట్టిన పాదం అంచులా
ఎర్రబడింది.

"దుగ్గిరాల పసుపు.
ఎదురు నీటికి, లాకు లాకు దాటించుకుంటా వచ్చేవోళ్లం.
రాత్రుళ్లు బస్తాల మీదే పడక.
తెల్లారేసరికి
అందరం పెళ్లికొడుకులమే."

కాగితం మీద ఇలా రాశాను.
తయారీ: వడ్రంగి, పేరు దొరకలేదు.
మోడలు: ఇదొక్కటే.
సంవత్సరం దగ్గర పెన్ను ఆగిపోయింది.
టేకు ఏడా, మద్ది ఏడా, రేకు ఏడా?
ఒకటో ఏడో అని రాసి
కింద సంతకం పెట్టాను, ఇంజిను దిమ్మ కొలతలతో సహా.
మేనేజరు చదివి, మడిచి,
"సార్, ఒక విదేశీ పేరేమన్నా వస్తుందా?" అన్నాడు.

తిరుగుదారిలో, బ్యారేజీ గాలికి
పోలేరయ్య నా చెవి దగ్గరకొచ్చి అరిచాడు.
"ఎండలో పెట్టొద్దని చెప్పు.
తడారితే బల్లలు దేనికదే ఇడిపోతయ్యి.
రోజూ ఒక బిందె నీళ్లు పొయ్యమను."

చెప్పాను.
బోర్డు మీద అంత చోటు లేదన్నారు.