వెంట్రుకవాసి

డులూత్‌లో మా రింకు కింద
బాయిలర్ పక్క గది నాది.
ఇరవై రెండేళ్ళుగా స్కేట్లకు సాన పడుతున్నాను.
ముఖాలు మర్చిపోతాను గానీ
అంచులు మర్చిపోను.

డార్సీ వొలోషిన్ మొదటిసారి మెట్లు దిగినప్పుడు
పద్దెనిమిదేళ్ళు. కాలేజీ జట్టు, డిఫెన్సు.
సరిహద్దు అవతల సస్కాచవాన్‌లో
ధాన్యం గోదాము తప్ప
ఇంకేదీ నిలువుగా లేని ఊరట.
పన్నెండేళ్ళదాకా మగపిల్లలతోనే ఆడింది,
జాబితాలో ఉత్త డి. వొలోషిన్ అని రాయించి.
గెలిచాక హెల్మెట్ తీస్తే జడ జారేది.
అవతలి జట్టు తండ్రులు
నోరు మూసుకునేవాళ్ళు.
కొందరు తెరిచేవాళ్ళు.

స్కేటు తిరగేసి చూశాను.
ఎడమకాలి లోపలి అంచు గుండుబారింది.
"వెనక్కి జారేటప్పుడు ఎప్పుడూ ఎడమకే తిరుగుతావు" అన్నాను.
"ఎవరికీ చెప్పకు" అంది.
మా పరిచయం అంతే. పదిహేడేళ్ళు చాలింది.

చూసేవాళ్ళకి తెలీదు,
బ్లేడుకి అంచు ఒకటి కాదు, రెండు.
నడుమ సన్నటి కాలవ.
కాలవ లోతుగా ఉంటే మంచు నిన్ను పట్టుకుంటుంది,
మెరకైతే వదిలేస్తుంది.
మొదట్లో అర అంగుళం రాయి పెట్టమనేది.
మోకాలి ఆపరేషన్ తర్వాత ముప్పావు అంది,
నా కళ్ళలోకి చూడకుండా.

జాతీయ జట్టు ఎంపికకి మూడుసార్లు పిలిచారు.
మూడుసార్లూ ఆఖరి రోజు పొద్దున్నే
ఒక గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి,
కూర్చునేలోపే చెప్పేశారట.
మూడోసారి తిరిగొచ్చినప్పుడు
ఎంతలో పోయిందని అడిగాను.
బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చింది.
సందులోంచి నా బల్బు వెలుతురు
కొంచెం కూడా రాలేదు.

తర్వాత లీగు.
లీగంటే, పగలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షను
(ముందు రెండు పళ్ళూ పింగాణీవి, నవ్వినప్పుడు తెలీదు),
రాత్రి పదకొండింటికి ప్రాక్టీసు,
మగవాళ్ళ బీరు జట్లు మంచంతా గోకి వెళ్ళిపోయాక.
పెట్రోలు తనది. టేపు తనది.
ప్రత్యర్థి కొట్టిన పక్‌కి అడ్డంపడి విరిగిన పక్కటెముక కూడా
తన ఇన్సూరెన్సుదే.
ఆ మ్యాచికి వచ్చింది నూట నలభై మంది.
నేను లెక్కపెట్టాను, నాకు వేరే పని లేదు.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం లీగు మూసేశారు.
పదకొండు నిమిషాల ఫోను.
తను నా గదిలోనే ఉంది, ఫోను బల్ల మీద, స్పీకరులో.
నేను సానరాయి ఆపాను.
అవతల ఎవరో అందరికీ కృతజ్ఞతలు చెబుతున్నారు.
ఫోను పెట్టేశాక
"ఆపావేం? రెండోది మిగిలింది" అంది.
ఎక్కడ ఆడడానికని నేను అడగలేదు.
రెండోది పూర్తి చేశాను.

ప్రతి సానకీ వెంట్రుకవాసి ఉక్కు పోతుంది.
వేలిగోటితో గీస్తే తెలియనంత.
నా యంత్రం కింద నల్లటి పొడి రాలుతుంది,
శుక్రవారం శుక్రవారం ఊడ్చి పారేస్తాను.
అందులో ఎవరిది ఎంతో
దేవుడు అడిగినా చెప్పలేను.

మొన్న ఆమె ఐదో జత బ్లేడ్లు తెచ్చింది.
కొలిచాను. మళ్ళీ కొలిచాను.
"ఇంక సానకి ఉక్కు లేదు డార్సీ.
కొత్తవి వేయనా?"
పైన మంచు చదునుచేసే బండి తిరుగుతోంది,
సీలింగు నుంచి సున్నం రాలింది.
ఆమె భుజం మీద సున్నం దులుపుకుంది.
అదే జవాబు అనుకుంటాను.

తర్వాత గుమ్మం బయటి నుంచి ఒక గోనెసంచి లాగింది.
శనివారం పిల్లలవి, పధ్నాలుగు జతలు,
నా అరచేతికి సరిపోయేంతవి.
"వీళ్ళకి అర అంగుళం" అంది.
ఒకటి తిరగేశాను.
అంచులు రెండూ కొత్తవే, మునివేళ్ళ దగ్గరే అరుగుదల.
ఇంకా జారడం లేదు, పరిగెత్తుతోంది పిల్ల.
నాలుక మీద మార్కరుతో,
వంకరగా, చోటు చాలక చివరక్షరం కిందికి దిగి,
మార్గిట్ సాలో
అని పూర్తి పేరు.