కంటిన్యుటీ

లైట్లు ఆరినయ్.
ముందుగాల వచ్చింది మా ఇంటి గోడ.

గోడ మాది కాదు. మణికొండ అవతల ఏదో షెడ్డుల
ప్లైవుడ్డుతోటి లేపిండ్రంట.
చెమ్మ మరక మాత్రం మాదే.
పార్సిగుట్టల మా వంటింటి మూలకు
తోక తెగిన బల్లి లెక్క పాకిన మరక.
ఫోటో తీస్కపోయి, కొలతలు పెట్టి,
ఎవలో పిలగాడు రెండు దినాలు కూసొని కుంచెతోని ఏసిండంట.
నేను ఏడేండ్ల సంది ఓనరును బతిమాలుతున్న
దాన్ని చెరిపియ్యమని.

ఆ మరక కింద ఒక పొడుగు పిల్ల
నా నైటీ తొడుక్కొని, నా టవలు భుజాన ఏసుకొని
నా సత్తుగిన్నె తోముతున్నది.
తోముతనే ఉన్నది.
ఒక్క మాట లేదు. నల్లా చప్పుడు, గంతే.
పక్క సీట్ల కండ్లద్దాలాయన
'అబ్బ, ఏం మౌనం!' అన్నడు.

నీరజా,
గిన్నెల కాడ నేను ఎన్నడన్న నోరు మూసుకున్ననా?
నల్లా వచ్చేది నలబై నిమిషాలు.
పక్కింటి షాహెదాతోని గోడ మీదికెంచి కొట్లాడుకుంట,
మా ఆయన వంశాన్ని పేరు పేరున తలుసుకుంట,
మోటరు పెట్టి నీళ్లు గుంజేటోళ్ల చేతులు పడిపోవాలనుకుంట తోముత.
నా నోరు యాడ కోసి పారేసినవే?

ఇంటర్ల మనిద్దరిది ఒక్కటే బెంచి.
నీ రికార్డుల బొమ్మలన్ని నేనే గీసిన,
కప్ప గుండె, మందార పువ్వు నిలువుకోత.
నువ్వు నాకు చాయ్, ఉస్మానియా బిస్కెట్లు తినిపించినవ్.
లెక్క సాపు అనుకున్నం.
తర్వాత నువ్వు పూనాకు పోయి కెమెరా నేర్సుకుంటివి,
నేను కోఠిల చీరలు మడతపెట్టుడు నేర్సుకుంటి.
ఆ మరక నన్నడిగితే అరపూటల గీసిస్తుంటి.

రాత్రిళ్లు ఫోన్ చేసి 'ఇంకా చెప్పవే, ఇంకా' అంటివి.
దోస్తువని చెప్పిన.
దోస్తువే. పక్కన నోటుబుక్కున్నదని చెప్పకపోతివి.

ఇంటర్వెల్ అయినంక ఏసీల నాకు చెమటలు.
హిమాయత్‌నగర్ ఇల్లు. అచ్చం మీ అమ్మ లెక్కనే ముక్కుపుడక.
'ఆ గ్లాసు కడిగి బైట బోర్లించి పో' అన్నది.
తెర మీద నీ లెక్కనున్న పిల్ల
దిగ్గున లేసింది. అమ్మను నిలదీసింది.
గ్లాసు గుంజుకొని నేలకేసి కొట్టింది.
హాలంత చప్పట్లు.

ఆ దినం ఏ గ్లాసూ పగలలేదు నీరజా.
నువ్వు గోడ గడియారం దిక్కు చూసినవ్.
నాలుగుంబావు. ఇప్పటికీ యాదికున్నది.
నేను గ్లాసు కడిగి, తులసికోట పక్కపొంటి బోర్లించి,
చెప్పులల్ల కాళ్లు పెట్టేదాక
నువ్వు టైము చూస్తనే ఉన్నవ్.
మా బల్లి మరకను ఇంచు తప్పకుంట గీయించినదానివి,
గీ గడియారం ఒక్కటి యాడ మరిచినవ్?

నేను దాన్ని ఎన్నడో మాఫ్ చేసిన.
నువ్వు అడగకుంటనే.

లైట్లు వచ్చినంక అందరి నడుమ నా చెయ్యి పట్టుకొని
'స్వరూపా, నిజం చెప్పు, ఎట్లుంది?' అన్నవ్.
నీ చెయ్యి సల్లగున్నది, వణుకుతున్నది.
కండ్ల కింద నెలల నిద్ర బాకీ.
నేను ఎగ్జిట్ బోర్డు దిక్కు చూసిన.
'మంచిగుందే' అన్న.

ప్రొడక్షన్ పిలగాన్ని నా గిన్నె అడిగిన.
'ఇంకొక్క సీను ప్యాచ్‌వర్కు ఉందక్కా,
కంటిన్యుటీ పోతది, అయినంక పంపిస్తం' అన్నడు.
మూడు నెలల సంది ఇంట్ల పాలు
చారుగిన్నెల కాగుతున్నయ్.

బైట వాన. క్యాబు నువ్వే బుక్ చేసినవ్.
డ్రైవరు అద్దం దించి, ఫోన్ల పేరు చూసి
'నీరజ మేడమేనా?' అన్నడు.
జరసేపు ఆగిన.
'ఆఁ, నేనే' అని
తలుపు తీసి కూసున్న.
ఓటీపీ చెప్పమన్నడు.

అది నీ ఫోన్ల ఉన్నది.